చేతిలో ఇమిడే సూపర్‌మ్యాన్

శనివారం సాయంత్రం బెంగళూరు దగ్గర యలహంకలో హిందూపురం రైలెక్కితే సీటు దొరకదు. గౌరిబిదనూరు దాటేదాకా నిలబడాల్సిందే. ఒక చెయ్యి పైన కమ్మీకి పోతుంది. ఏం చేసినా మిగిలిన ఒక్క చేత్తోనే. ఈ మూడు నెలల్లో అలా నిలబడే నేను పన్నెండు సంచికల సూపర్‌మ్యాన్ కథ మొత్తం చదివాను. ఆ పుస్తకం ఒక్క చేతిలో ఇమిడింది కాబట్టే చదవగలిగాను. అందుకే కథ కంటే ముందు సైజు గురించి రాస్తాను.

పుస్తకం 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్'. గ్రాంట్ మారిసన్ రాయగా ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు వేశాడు. విడి సంచికలుగా 2005 నుంచి 2008 దాకా వచ్చింది. కథ పాతదే, రూపం కొత్తది. సూపర్‌మ్యాన్ కథలు వేసే అమెరికా కంపెనీ డీసీ వాళ్ళు 2024 జూన్‌లో 'కాంపాక్ట్ కామిక్స్' అని ఒక వరస మొదలుపెట్టారు. పేరున్న కథలను తీసుకుని, ఒక్కో కథను ఒక్కో అట్ట మధ్య పెట్టి, 9.99 డాలర్లకు ఇస్తున్నారు. అట్ట మెత్తటిది. వెడల్పు ఐదున్నర అంగుళాలు, ఎత్తు ఎనిమిదిన్నర.

ఆ కొలత వినగానే నేను ఆగిపోయాను. బెంగళూరు రాజాజినగర్‌లో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పదిహేనేళ్ళుగా ప్రీప్రెస్ పని, అంటే అచ్చుకు ముందు పేజీలు సిద్ధం చేసే పని, చేస్తున్నాను. పెళ్ళిపత్రికలు, స్కూలు డైరీలు, అప్పుడప్పుడు పుస్తకాలు. ఐదున్నర, ఎనిమిదిన్నర అంటే మా ప్రెస్ భాషలో డెమీ వన్ బై ఎయిట్. మన తెలుగు నవలలు, కథల సంపుటాలు ఎక్కువగా అచ్చయ్యే సైజు. ఇంటికొచ్చి బీరువాలో తెలుగు నవలల పక్కన సూపర్‌మ్యాన్‌ను నిలబెడితే తలలన్నీ సమానంగా వచ్చాయి. నా దగ్గరున్న మిగతా కామిక్స్ ఏవీ ఆ అరలో పట్టవు. వాటిని అడ్డంగా పడుకోబెట్టి, పైన దుమ్ము పడకుండా పాత క్యాలెండర్ కాగితం కప్పాలి.

ఇంతకుముందు ఇవి ఎలా దొరికేవో చెబితే ఈ సైజు విలువ తెలుస్తుంది. నా చిన్నప్పుడు గోథమ్ కామిక్స్ వాళ్ళు డీసీ కథలను, దాని పోటీ కంపెనీ మార్వెల్ కథలను ఇక్కడే అచ్చేసి, జేబుడబ్బులకు అందే ధరలో అమ్మేవాళ్ళు. హిందూపురం నుంచి నాన్నతో బెంగళూరు వచ్చినప్పుడల్లా ఒకటి కొనిపించుకునేవాణ్ణి. వరస నంబర్లు ఎప్పుడూ దొరికేవి కావు. ఒక కథ మధ్యభాగం మాత్రమే చదివి, ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో నేనే ఊహించుకుంటూ ఏడాది గడిపేవాణ్ణి. ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. ఉద్యోగంలో చేరాక చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ బుక్ హౌస్ మేడమెట్లే దిక్కయ్యాయి. అక్కడ పాత పుస్తకాల మధ్య ఎవరో చదివి అమ్మేసిన సంపుటాలు దొరికేవి. ఆ షాపు పెట్టిన మాయిగౌడ గారు ఇంజనీరింగ్ చదివి, ఎం.జి. రోడ్డు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్మిన మనిషి. ఆ అరల ముందు నిలబడి ఎంతసేపు చదివినా, కొంటావా కొనవా అని అక్కడ నన్నెవరూ అడగలేదు. నా కామిక్స్ చదువు సగం అక్కడ నిలబడి చదివినదే. ఈ సూపర్‌మ్యాన్ కూడా అక్కడే దొరికింది. నేనిచ్చింది ఆరు వందల లోపే.

అంతకుముందు ఒకసారి ఇంకో కాంపాక్ట్ పుస్తకాన్ని ఒక ఆన్‌లైన్ సైటులో తెప్పించుకున్నాను. పల్చటి ప్లాస్టిక్ కవరులో వేసి పంపారు. నాలుగు మూలల్లో రెండు మడత పడి వచ్చాయి. అప్పటినుంచి చేత్తో పట్టి చూశాకే కొంటున్నాను.

విడి సంచిక ధర ఇప్పుడు అమెరికాలో 3.99 నుంచి 4.99 డాలర్ల దాకా ఉంది. 4.99 చొప్పున పన్నెండు కొంటే అరవై డాలర్లు. అదే పన్నెండు సంచికల కథ ఇలా పది డాలర్లకు వస్తోంది. ఈ లెక్క చూశాక నెలనెలా ఇరవై చిల్లర పేజీల కోసం ఎదురుచూడటం నాలాంటివాడికి అర్థం లేని పని అనిపిస్తుంది. ఆ నెలనెలా వచ్చే పద్ధతి కూడా అక్కడ బాగా దెబ్బతింది. అమెరికాలో కామిక్స్ షాపులకు సరుకంతా చాలాకాలం ఒకే చోటునుంచి వెళ్ళేది. 1982లో మొదలైన డైమండ్ అనే పంపిణీ సంస్థ అది. 1990లలో మార్వెల్ సొంతంగా పంపిణీ చేద్దామని ఇంకో సంస్థను కొని చేతులు కాల్చుకున్నాక, పెద్ద కంపెనీలన్నీ డైమండ్ గొడుగు కిందికే చేరాయి. ఆ షాపుల పద్ధతి ఏమిటంటే, సరుకును రెండు మూడు నెలల ముందే ఆర్డర్ చెప్పాలి, అమ్ముడుపోకపోయినా వెనక్కి తీసుకోరు. మిగిలిందంతా షాపువాడి నెత్తినే. అందుకే పేరు తెలియని కొత్త పుస్తకాన్ని ఎవరూ ధైర్యంగా తెప్పించరు. కరోనా వచ్చిన 2020 ఏప్రిల్‌లో డైమండ్ కొత్త పుస్తకాలు పంపడం ఆపేసింది. డీసీ అదే ఏడాది విడిపోయి లూనార్ అనే ఇంకో పంపిణీ సంస్థకు మారింది. 2021లో మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే పెద్ద పుస్తకాల సంస్థకు వెళ్ళింది. 2025 జనవరిలో డైమండ్ దివాళా పిటిషన్ వేసింది. చిన్న ప్రచురణకర్తలు అమ్మిపెట్టమని వాళ్ళ గోడౌన్‌లో ఉంచిన పుస్తకాలు సైతం కోర్టు గొడవలో ఇరుక్కున్నాయి. అచ్చేసిన పుస్తకం సొంతవాడి చేతికి తిరిగి రాకపోతే ఆ బాధ ఎలా ఉంటుందో ప్రెస్‌లో పనిచేసేవాడిగా నాకు తెలుసు. ఆ వార్త చదివిన రోజు నాకు పని మీద మనసు నిలవలేదు.

మన షాపులకు ఇందులో మంచి జరిగిన మాట కూడా చెప్పాలి. విడి సంచికలను కలిపి అచ్చేసే సంపుటాలు మామూలు పుస్తకాల దారిలోనే వస్తాయి. డీసీ సంపుటాలను పుస్తకాల షాపులకు చేరవేసేది పెంగ్విన్ రాండమ్ హౌసే. నవలలు వచ్చే దారిలో, నవలల సైజులో, నవలకు దగ్గర ధరలో సూపర్‌మ్యాన్ వస్తున్నాడు. మార్వెల్ కూడా 2025లో 'ప్రీమియర్ కలెక్షన్' అని ఇలాంటి చిన్న పుస్తకాలే మొదలుపెట్టింది. మొదటిది ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మాజుకెల్లీల డేర్‌డెవిల్ కథ. ధర 14.99 డాలర్లు. చర్చ్ స్ట్రీట్‌లో ఏ షాపుకెళ్ళినా మాంగా అనే జపాన్ కామిక్స్ అరల దగ్గర కాలేజీ పిల్లలు నేలమీద కూర్చుని చదువుతుంటారు. ఆ పిల్లల చేతుల్లో ఉన్న పుస్తకం కొలత చూసే డీసీ, మార్వెల్ వాళ్ళు ఈ దారికి వచ్చారని నా నమ్మకం.

ఇక లోపలికి వద్దాం. అమెరికా విడి సంచిక 6.625 అంగుళాల వెడల్పు, పది అంగుళాలకు పైన ఎత్తు. దాన్ని డెమీకి దించితే వందకు ఎనభై మూడు వంతుల సైజుకు వస్తుంది. పేజీ విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు పోతుంది. ఎనిమిది పాయింట్ల అక్షరం ఆరున్నరకు దిగుతుంది. రైల్లో ట్యూబ్‌లైటు కింద అది చదవడం నా నలభై ఏళ్ళ కళ్ళకు శ్రమే. అన్ని కథలకూ ఈ సైజు ఒకేలా నప్పదు కూడా. జిమ్ లీ బొమ్మలేసిన బ్యాట్‌మ్యాన్ 'హష్' ఇదే వరసలో వచ్చింది. ఆయన సన్నసన్న గీతలకు, రెండు పేజీలకూ పరుచుకునే బొమ్మలకు పెద్ద పేజీ ఉంటేనే న్యాయం. వీపుకు జిగురు పెట్టి అతికించే పర్ఫెక్ట్ బైండింగ్‌లో పుస్తకం లావయ్యేకొద్దీ లోపలి అంచు గట్టర్‌లోకి, అంటే రెండు పేజీలు కలిసే మడతలోకి, పోతుంది. రెండు పేజీల బొమ్మకు అక్కడే నష్టం. ఇదే వరసలోని 'వాచ్‌మెన్'లో అధ్యాయాల చివర వచ్చే వచనం పేజీలు ఈ సైజులో చదవాలంటే పగటి వెలుతురు కావాలి. కానీ క్వైట్లీ బొమ్మలకు ఈ సైజు ఏ లోటూ చేయలేదు. ఆయన పేజీలో గాలి ఎక్కువ, గీత తక్కువ. పెన్సిల్ బొమ్మకు జేమీ గ్రాంట్ కంప్యూటర్ మీద ఇంకు, రంగులు చేశాడు. ఆకాశం వేసిన చోట ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. చిన్న భూతద్దం పెట్టి చూశాను. ముఖాలలో ఒక్క గీత కూడా ముద్ద కట్టలేదు.

క్లార్క్ కెంట్‌ను ఆయన గీసిన తీరు గురించి చెప్పకుండా ఉండలేను. సూపర్‌మ్యాన్‌కూ క్లార్క్‌కూ తేడా కళ్ళజోడే అని అందరూ తేలిగ్గా అంటారు. ఇక్కడ అలా కాదు. క్లార్క్ భుజాలు ముందుకు వాలి, వెన్ను కాస్త వంగి, కోటు ఒంటికి పెద్దదై, పొట్ట కాస్త ముందుకొచ్చి ఉంటాడు. రోడ్డుమీద పొరపాటున తగిలినట్టు ఒకతన్ని గుద్దుకుంటాడు. ఆ గుద్దడం వల్లే పైనుంచి పడిన ఇనుము అతని మీద పడదు. ఆ మనిషి మాత్రం క్లార్క్‌నే తిడతాడు. సాయం చేసి తిట్లు తిని, క్షమాపణ చెప్పి వెళ్ళిపోయే ఆ ఒంగిన వీపు చూస్తే మా ప్రెస్‌లో బైండింగ్ సెక్షన్ పెద్దాయన గుర్తొచ్చారు. మనం చేసిన తప్పును మనకు తెలియకుండా సరిచేసి, ఆ మాట ఎప్పుడూ ఎత్తని మనిషి.

కథ మొదలే సూపర్‌మ్యాన్ చావుతో. సూర్యుడి దగ్గర ప్రమాదంలో పడ్డవాళ్ళను కాపాడబోయి, ఒంట్లోకి తట్టుకోలేనంత సూర్యశక్తి ఎక్కుతుంది. బలం పెరుగుతుంది, ప్రాణం తగ్గుతుంది. మిగిలిన కొద్దికాలంలో ఏ పనులు చేసి వెళ్ళాలన్నదే పన్నెండు సంచికలు. యుద్ధాలు ఉన్నాయి, కానీ నాకు గుర్తుండిపోయింది ఒక్క పేజీ. ఎత్తైన భవనం అంచున ఒక అమ్మాయి దూకడానికి నిలబడి ఉంటుంది. ఆమెతో ఫోన్‌లో మాట్లాడే డాక్టరు సమయానికి రాలేకపోతాడు. సూపర్‌మ్యాన్ వచ్చి వెనక నిలబడతాడు. ఎత్తుకుని కిందికి దించడు. రెండు మాటలు మాట్లాడి, దగ్గరకు తీసుకుంటాడు. అంతే పేజీ. దొడ్డబళ్ళాపూర్ దగ్గర ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. ఇంటికెళ్ళేదాకా మళ్ళీ తెరవలేదు.

ఇంట్లో దాన్ని నా చేతిలోంచి లాక్కుంది మా అక్క కూతురు. ఆరో తరగతి, తెలుగు మీడియం. "ఇంత చిన్న పుస్తకమా మామా, బ్యాగులో పెట్టుకుంటా" అంది. నా పెద్ద హార్డ్‌బౌండ్ పుస్తకాలను ఎప్పుడూ ముట్టుకోలేదు, మేమే ముట్టనివ్వలేదు కూడా. బొమ్మలన్నీ చూసేసి, మాటలు అర్థం కావడం లేదని నా పక్కన కూర్చుంది. నేను ప్రెస్ నుంచి బటర్ పేపర్ తెచ్చి, పేజీ సైజుకు కత్తిరించి, బొమ్మ మీద పరిచి, మాటల బుడగల మీద పెన్సిల్‌తో తెలుగు రాయడం మొదలుపెట్టాను. ఆ పని చేస్తుంటే తెలిసొచ్చింది, తెలుగులో ఈ కామిక్స్ ఎందుకింత కష్టమో.

ఇంగ్లీషు కామిక్స్‌లో ఎక్కువగా పెద్దబడి అక్షరాలే. ఒకే ఎత్తు. వరస కింద వరస ఇటుకలు పేర్చినట్టు పేర్చవచ్చు. బుడగను ఆ ఇటుకల కొలతకే గీస్తారు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'స్త్రీ' అని రాస్తే కిందా పైనా మూడు అంతస్తులు. 'శాస్త్రవేత్తలు' అన్న ఒక్క మాటకు కిందికి వేలాడేవి ఎన్నో చూడండి. వరసల మధ్య జాగా ఇవ్వకపోతే పైవరస ఒత్తు కిందివరస గుడిని తంతుంది. పెళ్ళిపత్రికల్లో పేర్లకు కూడా నేను పది పాయింట్ల కిందికి దిగను. ఆరున్నర పాయింట్ల ఇంగ్లీషు ఉన్న బుడగలో పది పాయింట్ల తెలుగు పెట్టాలంటే సగం మాటలు తీసెయ్యాలి, లేదా బుడగ పెద్దది చేసి బొమ్మను కప్పెయ్యాలి. సగం మాటలు తీసెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. మన భాష తీరు అక్కడ పనికొస్తుంది. క్రియాపదంలోనే ఎవరు చేశారో ఉంటుంది కాబట్టి 'నేను', 'నువ్వు' వదిలెయ్యవచ్చు.

ఈ పుస్తకం మొదటి పేజీ అందుకు మంచి పరీక్ష. నాలుగే బొమ్మలు, ఎనిమిదే ఇంగ్లీషు మాటలు. సూపర్‌మ్యాన్ పుట్టుక మొత్తం అందులో అయిపోతుంది. చివరి బొమ్మలో బిడ్డను తీసుకోబోయే రైతు ఆలుమగలు. నేను 'దయగల దంపతులు' అని రాశాను. పాప చూసి "దంపతులు అంటే పెళ్ళికార్డులో ఉంటారే వాళ్ళా?" అంది. నేను రోజూ కొట్టే మాటే మరి. చెరిపేసి 'మంచి అవ్వాతాత' అని రాసింది. వాళ్ళు ఆ బిడ్డకు అమ్మానాన్న అవుతారు కదా అంటే, "ముసలోళ్ళుగా ఉన్నారు కదా మామా" అని బొమ్మ చూపించింది. ఆ మాటే ఉంచేశాం.

మన పక్కనే తమిళంలో ఈ పని యాభై ఏళ్ళుగా జరుగుతోంది. శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది, 1984లో లయన్ కామిక్స్. ఇటలీ, ఫ్రాన్స్ కథలకు హక్కులు కొని, తమిళంలో అక్షరాలు కొత్తగా వేసి అచ్చేస్తున్నారు. టెక్స్ విల్లర్ అనే ఇటలీ కౌబాయ్ తమిళ ఇళ్ళల్లో మనిషి అయిపోయాడు. క్యాలెండర్లు అచ్చేసే ఊళ్ళో సాధ్యమైనది విజయవాడలో ఎందుకు సాధ్యం కాదు? డెమీ సైజు ప్లేట్లు, కాగితం, బైండింగ్ మిషన్లు అన్నీ అక్కడున్నాయి. ఈ కాంపాక్ట్ పుస్తకాలకు తెలుగు కూర్పు వస్తే, అక్షరం మాత్రం కొత్తగా వేయించండి, కుదించకండి అని ఆ ప్రచురణకర్త కాళ్ళు పట్టుకుని చెబుతాను.

ఇంకా నేను చదవాలనుకుంటున్నవి రెండే. సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ మొదటిసారి ఒకే పుస్తకంలో కలిసింది 1976లో, చాలా పెద్ద సైజు పేజీల్లో. దానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా మళ్ళీ కలుపుతున్నామని రెండు కంపెనీలూ ప్రకటించాయి. 2026 మార్చిలో డీసీ నుంచి ఒకటి, ఏప్రిల్‌లో మార్వెల్ నుంచి ఒకటి. 2003, 2004లలో వచ్చిన జస్టిస్ లీగ్, అవెంజర్స్ కథ తర్వాత ఇరవై ఏళ్ళు మాటల్లేకుండా ఉన్న ఈ రెండు కంపెనీలూ 2025లో డెడ్‌పూల్, బ్యాట్‌మ్యాన్‌లతో మళ్ళీ కలిశాయి. ఇది అన్నదమ్ములు పంచాయితీ వదిలేసి ఒకే పంక్తిలో కూర్చున్నట్టుంది నాకు. ఆ పుస్తకం మాత్రం పెద్ద పేజీలోనే చదవాలనుంది.

రెండోది 'ఆబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్'. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రాగోటా బొమ్మలు, 2024 అక్టోబరులో మొదలైంది. ఇందులో బ్రూస్ వేన్‌కు ఆస్తి లేదు. బంగళా లేదు. తల్లి బతికే ఉంది. పొద్దున పనికి వెళ్ళి రాత్రి ముసుగు వేసుకునేవాడు. పనిచేసి బతికే బ్యాట్‌మ్యాన్‌ను చూడాలని ఇన్నేళ్ళుగా నాకు తెలియకుండానే ఎదురుచూశానేమో. మొదటి సంపుటం బ్లాసమ్‌లో నిలబడి సగం చదివాను. కొనలేదు. ఇది కూడా ఎప్పటికైనా డెమీ సైజులో వస్తే పాప బ్యాగులో పెట్టవచ్చని ఆగాను.

ఈ సూపర్‌మ్యాన్ ఎవరు కొనాలి అంటే, బస్సులో, రైల్లో చదివేవాళ్ళు, పిల్లల చేతికి ఇవ్వాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనండి. కళ్ళజోడు అవసరం ఉన్నవాళ్ళు పెట్టుకుని చదవండి. క్వైట్లీ బొమ్మను గోడకు పెట్టుకునేంత ఇష్టమున్నవాళ్ళు పెద్ద సైజు వెతుక్కోండి.

బటర్ పేపర్ల మీద ఇప్పటికి మూడు సంచికలు అయ్యాయి. భవనం అంచున అమ్మాయి ఉన్న పేజీ పదో సంచికలోది, ముందే రాద్దామని కూర్చున్నాను. సూపర్‌మ్యాన్ ఆమెతో అనే మాటకు నాలుగు రకాలుగా రాసి నాలుగూ చెరిపేశాను. కాగితం అక్కడ అరిగి పల్చబడింది. పాప ఆ కాగితం తీసుకుని, వచ్చే శనివారానికి తను రాసి ఉంచుతానంది.